ఏ ఊరి అర్ధరాత్రి

హిమాయత్‌నగర్‌లో మా ఆఫీసు రెండో అంతస్తు.
కింద మిఠాయి దుకాణం.
మూడు దాటితే పాలసీ కాగితాలకు కూడా నెయ్యి వాసన.

ఇస్తారి గారు మెట్లెక్కి వచ్చి
కుర్చీలో కూచోకుండా గోడకేసి చూశారు.
"నాలుగు నిమిషాలు ముందున్నది."
కోఠీలో, బ్యాంక్ స్ట్రీట్ మలుపులో
ఒక కంటికి భూతద్దం బిగించుకుని
నలభై ఏళ్లుగా ఊరి గడియారాలు విప్పుతున్న మనిషి.
చిట్టీ ఎత్తుకుని వియత్నాం పోతున్నారు.
పదకొండు రోజులు. చిట్టీవాళ్లే పద్నాలుగు మంది.
కొత్త పాస్‌పోర్టు, అట్ట ఇంకా వంగలేదు.

చదివి చెప్పడం మొదలుపెట్టాను.
ఆస్పత్రి ఖర్చు యాభై వేల డాలర్ల దాకా,
అందులో మొదటి వంద మీదే.
"మూత విప్పినందుకు మేం గూడ తీస్కుంటం గద,
బాగైనా, కాకున్నా."

అద్దె స్కూటరెక్కి పడితే రాదు.
తాగి పడితే అసలే రాదు.
"అంబర్‌పేట దాటి బండి నడపలే నేను. ఇంకా?"

ఇరవై మూడో తారీఖు అర్ధరాత్రితో పాలసీ అయిపోతుంది.
"ఏ ఊరి అర్ధరాత్రి?"

పదేళ్లుగా అదే వాక్యం చదువుతున్నాను.
ఎవరూ అడగలేదు.
"ఆడ గంటన్నర ముందుగాల తెల్లారుతది.
ఆ గంటన్నరల కాలు జారితే ఎవరి లెక్క?"
పెద్దాఫీసుకి ఫోన్ చేశాను.
సన్నాయి పాట వినిపించారు, మళ్లీ అదే పాట వినిపించారు,
చివరికి ఎవరో ఆవలిస్తూ మన టైమే అన్నారు.
"అయితే గంటన్నర లాభం," నవ్వారాయన,
పై పన్ను ఒకటి లేదు.

షుగరుందా అన్న గడి దగ్గర
కలం ఆగింది.
"రాస్తే పైసలు పెరుగుతయా?"
పెరుగుతాయి.
"రాయకుంటే?"
అక్కడ రక్తం తీసి చూస్తారు.
రక్తం మీ మాట వినదు.
అప్పుడు విరిగిన చెయ్యి బిల్లు కూడా వెనక్కొస్తుంది.

చాలాసేపు బల్లమీద వేలితో టిక్కు టిక్కుమనిపించారు.
"నిన్ననే కింద పడ్డదంటరు బిడ్డా, గ్యారంటీల చెయ్యమంటరు.
మూత తీస్తే లోపట తుప్పు.
తుప్పు ఒక్క రాత్రిల పుడ్తదా?
రాయి.
ఎనిమిదేండ్ల తుప్పు."

రాశాను. అదీ చెప్పాను:
రాసినా, షుగరుకి ప్రాణం మీదికొస్తేనే ఇస్తారు,
గండం గడిచేదాకానే.
రోజూ వేసుకునే మాత్రలు మీ సంచిలోంచే,
డాక్టరు చీటీతో సహా.

పంతొమ్మిదో పేజీ దగ్గర
రెండు కాగితాలు కలిపి తిప్పడం నాకలవాటు.
ఆయన వేలు అడ్డం పెట్టారు.
"గిదేంది?"
అక్కడేమైనా అయితే... మనిషిని తిరిగి తీసుకురావడానికి.
మనిషిని అన్నాను.
కాగితంలో ఉన్న మాట వేరు.

కింద దుకాణంలో బూందీ దూసే చప్పుడు.

"నా సొరుగుల నలభయ్యొక్క గడియారాలున్నయి.
బాగుచేసి పెట్టిన. తీస్కపోనీకి ఎవ్వరు రాలే.
కొందరి పేర్లు గూడ చెరిగిపోయినయి.
ఆయిటారం ఆయిటారం చావి ఇస్త."
కాగితాన్ని కంటి దగ్గరికి తెచ్చుకున్నారు,
భూతద్దం లేని కంటికే.
"గీండ్లనైతే రాసిన్రు గద,
వచ్చి తీస్కపోతమని."

పెట్టెలో పెట్టకండి ఫోన్ నంబరు,
పోయేది పెట్టే కదా, అన్నాను.
రిపేరు రసీదు వెనక రాసుకుని
చొక్కా జేబులో పెట్టుకున్నారు.
ఇచ్చిన నోట్లకి మెషీన్ ఆయిల్ వాసన.

వెళ్తూ వెళ్తూ గడియారం మళ్లీ చూశారు:
"దించియ్యి, ఫుకట్ల చేస్త."
వద్దులెండి అన్నాను.

ఆ నాలుగు నిమిషాలు నేనే జరిపి పెట్టుకున్నవని,
ఏడుంబావు బస్సు దొరకదన్న భయంతోనని
చెప్పలేదు.
వచ్చిన ప్రతి మనిషినీ
ఉన్నదంతా రాయమనే దాన్ని.